ఇంటి కట్టెలు కోసుకోవడానికి ఏ చైన్‌సా తీసుకోవాలి?

పొయ్యిపక్కన:
సభ్యులందరికీ నమస్కారం. ఇన్నేళ్ళుగా మా పొయ్యికి కావలసిన కట్టెలను చేతిరంపంతో కోసి, గొడ్డలితో చీల్చుకుంటూ వచ్చాను. కిందటి ఏడాది నుంచి కుడి భుజం సహకరించడం లేదు కాబట్టి ఇక చైన్‌సా కొనక తప్పదని నిర్ణయానికి వచ్చాను. మా పెరట్లోకి దుంగలు రెండు మూడు మీటర్ల పొడవున వస్తాయి. వాటిలో ఎక్కువ భాగం 20 సెంటీమీటర్ల మందం ఉంటాయి, ఎప్పుడైనా ఒకటి రెండు మొద్దులు 40 సెంటీమీటర్ల దాకా ఉంటాయి. ఏడాదికి పేర్చిన కట్టె 4 ఘనపు మీటర్లు ఉంటే మాకు సరిపోతుంది. నిలువుగా ఉన్న చెట్టును కూల్చే పని నాకు లేదు.

60 సీసీ ఇంజను, 20 అంగుళాల బార్ (గొలుసు చుట్టూ తిరిగే పొడవాటి రేకు) ఉన్న పెట్రోలు రంపం ఒకటి చూసి వచ్చాను. పెద్దదైతే పని త్వరగా తెములుతుందనీ, ఎప్పుడో వచ్చే లావు మొద్దుకు కూడా అదే పనికొస్తుందనీ నా ఆలోచన. బ్యాటరీతో నడిచేవి కట్టె పనికి ఆనవని కొందరు, ఇప్పుడు అవే మేలని మరికొందరు చెబుతున్నారు. అనుభవం ఉన్నవారు దారి చూపగలరు.

చేవకర్ర:
మీరు అడిగిన తీరు బాగుంది, ఎందుకంటే ఏ రంపం మంచిదని మాత్రమే కాకుండా కట్టె ఎంత, మందం ఎంత అన్నది కూడా చెప్పారు. ఆ రెండూ తెలియకుండా ఇచ్చే సలహా దేనికీ పనికిరాదు.

ముందు బార్ పొడవు సంగతి చూద్దాం. సాధారణంగా కోసే దుంగ మందం కంటే బార్ రెండు అంగుళాలు ఎక్కువ ఉంటే చాలు. 20 సెంటీమీటర్లంటే 8 అంగుళాలు, కాబట్టి మీ రోజువారీ పనికి 12 అంగుళాల బార్ సరిపోతుంది, 14 ఉంటే సుఖంగా ఉంటుంది. 40 సెంటీమీటర్ల మొద్దును సగానికి పైగా కోసి, దొర్లించి, రెండో వైపు నుంచి కలుపుకోవచ్చు. నేలమీద పడి ఉన్న మొద్దు విషయంలో ఇదేమీ కష్టం కాదు. ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చే మొద్దు కోసం మిగతా రోజులన్నీ పొడవాటి బార్ మోయడం భుజం నొప్పి ఉన్నవారు చేయవలసిన పని కాదు.

పైగా బార్ పొడవు పెరిగేకొద్దీ ముక్కు ఎక్కడ ఉందో కంటికి ఆనదు. దుంగ అవతల బయటికి వచ్చిన ముక్కు పక్కనున్న మరో దుంగకో, నేలకో తగులుతుంది. నేలకు ఒక్కసారి తగిలితే గొలుసు పదును పోతుంది, మరో దుంగకు తగిలితే అంతకంటే పెద్ద ప్రమాదం ఉంది. దాని గురించి ఎడమచేయి గారు రాస్తే బాగుంటుంది.

పెట్రోలే కావాలంటే మీ పనికి 35 నుంచి 45 సీసీ చాలు. 60 సీసీ రంపం పొద్దస్తమానం లావు మొద్దులు కోసేవారి కోసం చేసినది. బార్ బిగించి, పెట్రోలుకు ఒకటి, బార్ ఆయిల్‌కు ఒకటి ఉండే రెండు ట్యాంకులూ నింపి చేతిలోకి తీసుకుంటే అది ఎంత బరువో, అరగంట వంగి కోసేసరికి నడుముకు తెలుస్తుంది.

కొలతబద్ద:
లెక్క వేసుకుంటే ఈ ప్రశ్నలో సగం తేలిపోతుంది. దయచేసి కాస్త ఓపికగా చదవండి.

కట్టె కోతలో శ్రమ కోసిన ముఖం వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. ఒక ఘనపు మీటరు గట్టి కట్టెను 33 సెంటీమీటర్ల తుండ్లుగా కోయాలంటే, దుంగలు సన్నవైనా లావువైనా, కోయవలసిన ముఖం మొత్తం మూడు చదరపు మీటర్లే. సన్న దుంగలైతే కోతల సంఖ్య ఎక్కువ, లావువైతే తక్కువ, అంతే తేడా. పేర్చిన కట్టెలో సందులు ఉంటాయి కాబట్టి మీ 4 ఘనపు మీటర్లలో గట్టి కట్టె సుమారు 2.6 ఘనపు మీటర్లు అనుకుందాం. అంటే మీరు ఏడాదికి కోయవలసింది దాదాపు 8 చదరపు మీటర్లు. 20 సెంటీమీటర్ల దుంగను ఒకసారి అడ్డంగా కోస్తే 0.0314 చదరపు మీటర్లు తెగుతుంది. దానితో భాగిస్తే ఏడాది మొత్తానికి సుమారు 250 కోతలు.

ఈ 250 అన్న సంఖ్యను ఎదురుగా పెట్టుకుని ఆలోచించండి. రోజుకు 25 కోతలు చొప్పున చేస్తే పది రోజుల్లో అయిపోయే పని ఇది. దీనికి అడవిలో రోజంతా నడిచే యంత్రం అవసరమా అన్నది మీకే తెలుస్తుంది.

పొద్దుటిపని:
నేను మూడేళ్ళుగా బ్యాటరీ రంపంతోనే మా ఇంటి కట్టె కోసుకుంటున్నాను కాబట్టి నా అనుభవం చెబుతాను. నాది 36 వోల్టుల రంపం, 14 అంగుళాల బార్, 5 ఆంపియర్ అవర్ బ్యాటరీలు రెండు. వోల్టులను ఆంపియర్ అవర్‌తో గుణిస్తే 180 వాట్ అవర్ వస్తుంది. బ్యాటరీలను పోల్చేటప్పుడు చూడవలసినది ఈ గుణకారం ఫలితమే. డబ్బా మీద 40 వోల్టులని ఉన్నదీ, 36 వోల్టులని ఉన్నదీ చాలాసార్లు ఒకే పది సెల్లుల బ్యాటరీయే. నిండుగా ఛార్జి అయినప్పుడు చూపే వోల్టేజిని ఒకరు రాస్తే, నడిచేటప్పుడు ఉండే సగటును మరొకరు రాస్తారు. 20 అని, 18 అని రాసేవి కూడా అంతే.

మోటారు 1500 వాట్లు లాగుతూ ఆగకుండా నడిస్తే 180 వాట్ అవర్ బ్యాటరీ ఏడు నిమిషాలు మాత్రమే వస్తుంది. ఈ మాట వినగానే చాలామంది పెదవి విరుస్తారు. అయితే కట్టె కోసేటప్పుడు రంపం నడిచే సమయం చాలా తక్కువ. దుంగను దొర్లించడం, కొలత పెట్టడం, కోసిన తుండును పక్కకు విసరడం, ఇవే ఎక్కువ సమయం తీసుకుంటాయి. ఆ సమయమంతా పెట్రోలు ఇంజను ఊరకనే నడుస్తూ ఉంటుంది, బ్యాటరీ రంపం మాత్రం మౌనంగా ఉంటుంది. గొలుసు పదునుగా ఉన్నప్పుడు ఒక ఛార్జికి 20 సెంటీమీటర్ల దుంగ మీద నాకు 26 నుంచి 28 కోతలు వచ్చాయి. రెండు వారాల పాటు లెక్క రాసి చూశాను. బాగా ఎండిన చేవగల కట్టె అయితే 20 కోతలకే దీపం ఎర్రబడుతుంది.

కొలతబద్ద గారి లెక్క ప్రకారం మీకు ఏడాదికి అయ్యేది తొమ్మిది పది ఛార్జీల పని. రెండు బ్యాటరీలు ఉంటే ఒకటి ఎక్కుతుండగా రెండోదానితో కోసుకోవచ్చు. నా మటుకు నేను ఒక బ్యాటరీ అయిపోగానే ఆ రోజుకు రంపం పక్కన పెట్టి, కోసినవాటిని చీల్చి పేర్చుకుంటాను.

పాతమెకానిక్:
ఇరవై ఏళ్ళకు పైగా చిన్న ఇంజన్లు బాగు చేస్తున్నాను, పెట్రోలు రంపాల మీద నాకు అభిమానం ఉంది. నా దగ్గర ఉన్నది కూడా పెట్రోలు రంపమే. దాని బలాన్ని తక్కువ చేసి చూడకండి. కరెంటుకు దూరంగా, తోపులో, రోజుకు వంద కోతలు కోయవలసి వచ్చినప్పుడు దానికి సాటి వచ్చేది లేదు. మూడు నిమిషాల్లో ట్యాంకు నింపుకుని మళ్ళీ మొదలుపెట్టవచ్చు.

కానీ నా బల్ల మీదికి వచ్చే రంపాల కథ వేరు. అరిగిపోయి వచ్చేవి తక్కువ, వాడకుండా పడి ఉండి పాడైనవే ఎక్కువ. పెట్రోలు నెలా రెండు నెలలు నిలవ ఉంటే పాతబడుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలైతే గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది. కార్బ్యురేటర్ విప్పి చూస్తే సన్నని రంధ్రాల్లో జిగురులాంటి పసుపుపచ్చని పొర కట్టి ఉంటుంది, లోపలి రబ్బరు పొర బిర్రబిగిసి అట్టలా అయి ఉంటుంది. యజమాని మాత్రం నెల కిందట బాగానే నడిచిందని అంటాడు.

రెండో రకం ఇంకా బాధ కలిగిస్తుంది. టూ స్ట్రోక్ ఇంజనుకు విడిగా ఆయిల్ పోసే చోటు ఉండదు, పెట్రోలులో కలిపిన ఆయిలే పిస్టన్‌కు రక్ష. ఇప్పటి రంపాల్లో చాలావాటికి 50 పాళ్ళ పెట్రోలుకు ఒక పాలు, అంటే లీటరుకు 20 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిల్ కలపాలి. కొన్నింటికి 25కి ఒకటి, అంటే 40 మిల్లీలీటర్లు అవసరం. రంపంతో వచ్చిన పుస్తకంలో ఏది ఉంటే అదే పాటించాలి. ఇంట్లో ఇంకెవరో ఉత్త పెట్రోలు పోసి స్టార్ట్ చేస్తే పది నిమిషాల్లో పిస్టన్ పక్కలు గీసుకుపోయి సిలిండర్‌లో పట్టేస్తుంది. అలాంటి పిస్టన్‌ను గోరుతో తడిమితే దున్నిన చాళ్ళలాగా తగులుతుంది. కలిపిన డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోమని అందరికీ చెబుతుంటాను.

ఏడాదికి పది రోజులు మాత్రమే రంపం పట్టే మనిషికి, పని ఇంటి పెరట్లోనే అయితే, పెట్రోలు రంపం కొనుక్కోమని నేను చెప్పను. నా వృత్తికి విరుద్ధమే అయినా నిజం ఇదే.

పెరటిచెట్టు:
కరెంటు తీగతో నడిచే రంపాన్ని ఎవరూ తలచుకోలేదు. పని ఇంటి పక్కనే అయితే అది కూడా మంచిదే. 1800 నుంచి 2200 వాట్ల మోటారు, తేలికైన ఒళ్ళు, ఛార్జి అయిపోయే బెంగ లేదు. రెండు జాగ్రత్తలు మాత్రం తప్పవు. సన్నని పొడవాటి ఎక్స్‌టెన్షన్ తీగ వాడితే వోల్టేజి పడిపోయి మోటారు కాలిపోతుంది కాబట్టి దూరం 20 మీటర్లు దాటితే 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ ఉండాలి. అలాగే 30 మిల్లీ ఆంపియర్ల లీకేజిని పసిగట్టి కరెంటును ఆపేసే రక్షణ స్విచ్చి ద్వారానే కనెక్షన్ తీసుకోవాలి. తీగను భుజం మీదుగా వెనక్కి వేసుకుంటే కోతలో అడ్డు రాదు. వానలో, తడి నేల మీద అసలు ముట్టుకోవద్దు.

పొయ్యిపక్కన:
ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. 60 సీసీ ఆలోచన విరమించుకున్నాను. అయితే ఈలోగా బంధువు ఒకరు తన దగ్గరున్న పాత పెట్రోలు రంపం తీసుకోమన్నారు. ఇంజను బాగానే నడుస్తోంది. కాకపోతే ముందు పిడికి ఎదురుగా ఉండే ప్లాస్టిక్ రేకు విరిగిపోయి లేదు. అది చేతికి దెబ్బ తగలకుండా పెట్టినదే కదా, జాగ్రత్తగా ఉంటే అది లేకపోయినా ఫరవాలేదని ఆయన అంటున్నారు. కొత్తది కొనే ముందు కొన్నాళ్ళు దానితో చేయి తిరగనివ్వవచ్చా?

ఎడమచేయి:
దయచేసి ఆ రంపాన్ని స్టార్ట్ కూడా చేయకండి. విరిగిపోయిన ఆ రేకే గొలుసు బ్రేకుకు మీట. అది లేదంటే మీ రంపానికి బ్రేకు లేదని అర్థం.

నా పేరుకు కారణం ఇక్కడ కొందరికి తెలుసు. ఆరేళ్ళ కిందట మధ్యాహ్నం పూట కొమ్మల కుప్పలో నుంచి ఒక దుంగను కోస్తున్నాను. నా చూపంతా కోత మీదే ఉంది. బార్ ముక్కు పైభాగం, అవతల నాకు కనిపించని ఒక కొమ్మను తాకింది. ముక్కు పై పావు భాగంలో గొలుసు ముందుకు, కిందికి తిరుగుతూ ఉంటుంది. అక్కడ పన్ను దేనికైనా పట్టుకుని ఆగితే, ఆ వేగమంతా బార్‌ను పైకి, మన ముఖం వైపుకు విసురుతుంది. వెనక్కి తన్నడమంటే ఇదే. మనిషి ఉలిక్కిపడి చేయి కదపడానికి పట్టే సమయం కంటే అది ముందే జరిగిపోతుంది. నాకు గుర్తున్నది చప్పుడు మారడం, ఆ వెంటనే ఆగిపోవడం. రంపం నా గడ్డం ఎత్తులో నిలిచిపోయి ఉంది, గొలుసు కదలడం లేదు. ఎడమచేతి మణికట్టు వెనుక భాగం ఆ మీటకు కొట్టుకుని కమిలింది. ఎముకకు సన్నని పగులు వచ్చి ఆరు వారాలు కట్టుతో ఉన్నాను. ఆ మీట లేకపోతే ఇప్పుడు ఈ నాలుగు మాటలు రాసేవాడిని కాను.

బ్రేకు రెండు రకాలుగా పడుతుంది. చేయి మీటకు తగిలినప్పుడు ఒకటి, చేయి తగలకపోయినా విసురుకే మీట తనంతట తాను ముందుకు పడిపోయి రెండోది. కొనే రంపంలో రెండో ఏర్పాటు కూడా ఉందో లేదో అడిగి తెలుసుకోండి. వెనుక పిడిలో మీటను రెండు వైపుల నుంచీ నొక్కితేనే గొలుసు తిరిగే తాళం, తెగిన గొలుసును పట్టుకునే చిన్న కొక్కెం కూడా చూసుకోండి. పట్టుకునేటప్పుడు ఎడమచేతి బొటనవేలు ముందు పిడి కిందుగా చుట్టుకుని ఉండాలి. నాలుగు వేళ్ళతో పాటు బొటనవేలిని కూడా పైనే ఉంచే అలవాటు చాలామందికి ఉంది. విసురు వచ్చినప్పుడు అలాంటి పట్టు జారిపోతుంది. తల ఎప్పుడూ బార్‌కు సూటిగా ఉండకూడదు, కొంచెం ఎడమకు జరిగి నిలబడాలి. భుజం ఎత్తు దాటి రంపాన్ని ఎత్తకూడదు.

చేవకర్ర:
ఎడమచేయి గారు రాసినది చదివాక ఒంటి మీద వేసుకునేవాటి గురించి నేను కలుపుతాను, ఎందుకంటే బ్యాటరీ రంపం చప్పుడు తక్కువ కాబట్టి దానికి ఇవన్నీ అక్కరలేదని అనుకునేవారిని చాలామందిని చూశాను. గొలుసుకు పెట్రోలూ కరెంటూ అన్న తేడా తెలియదు.

రంపం కోసం ప్రత్యేకంగా చేసిన కాలి తొడుగులో పొడవాటి గట్టి పోగులు పొరలుగా ఉంటాయి. గొలుసు దానికి తగలగానే పోగులు బయటికి లాగబడి, గొలుసును తిప్పే పళ్ళచక్రం (స్ప్రాకెట్) చుట్టూ చుట్టుకుని గొలుసును ఆపేస్తాయి. మొదటి తరగతి తొడుగు సెకనుకు 20 మీటర్ల వేగంతో తిరిగే గొలుసు వరకూ పరీక్షించినది. ఒకసారి తెగిన తొడుగును కుట్టి మళ్ళీ వాడకూడదు. పెట్రోలు రంపం చప్పుడు చెవి దగ్గర 100 డెసిబెల్స్ దాటుతుంది కాబట్టి చెవి మూతలు తప్పనిసరి. కళ్ళకు అద్దాలు, ముందు భాగంలో ఉక్కు ఉన్న బూట్లు ఏ రంపానికైనా కావాలి. రంపం కోసం పెట్టుకున్న సొమ్ములో వీటికి కూడా ముందే కొంత పక్కన పెట్టుకోండి.

దుంగను ఆనించే తీరు కూడా చెప్పాలి. రెండు చివరలూ ఆని మధ్యలో గాలిలో ఉన్న దుంగను పై నుంచి కోస్తే, తెగుతున్నకొద్దీ పైభాగం నొక్కుకుని బార్ బిగుసుకుపోతుంది. ముందు పై నుంచి మూడో వంతు కోసి, మిగతాది కింది నుంచి కోయాలి. ఒక చివర మాత్రమే ఆని రెండోది వేలాడుతుంటే దీనికి తిరగేసి, కింది నుంచి మూడో వంతు, తర్వాత పై నుంచి. దుంగను ఆనించడానికి నడుము ఎత్తున ఉండే కర్ర గుర్రం ఒకటి తయారు చేసుకుంటే వంగే బాధ తప్పుతుంది, గొలుసు మట్టికి తగలదు. నా దృష్టిలో రంపం తర్వాత అంత ముఖ్యమైనది అదే.

ఆకురాయి:
ఇంతసేపు ఇంజను గురించీ బ్యాటరీ గురించీ మాట్లాడాం, కానీ కట్టెను కోసేది గొలుసు. పదునైన గొలుసు ఉన్న చిన్న రంపం, మొద్దుబారిన గొలుసు ఉన్న పెద్ద రంపం కంటే బాగా కోస్తుందన్నది నేను కళ్ళారా చూసిన విషయం. అందుకే రంపం ఎంచుకునేటప్పుడు దాని గొలుసు ఏ రకమో, దానికి సరిపోయే ఆకురాయి మీకు దొరుకుతుందో లేదో ముందు చూడండి.

గొలుసుకు మూడు కొలతలు ఉంటాయి. లింకుల మధ్య దూరం, బార్ గాడిలో పట్టే మందం, గాడిలో దిగే లింకుల సంఖ్య. ఇంటి రంపాల్లో ఎక్కువగా అంగుళంలో 3/8 వంతు దూరం ఉండే తక్కువ ఎత్తు గొలుసు, 1.1 లేదా 1.3 మిల్లీమీటర్ల మందంతో వస్తుంది. బార్ మొదట్లో ఈ కొలతలు చెక్కి ఉంటాయి, కొత్త గొలుసు కొనేటప్పుడు మూడూ కలవాలి. పళ్ళ విషయంలో మూల చతురస్రంగా ఉండేది చాలా వేగంగా కోస్తుంది కానీ మట్టి తగిలితే వెంటనే పదును పోతుంది. మూల గుండ్రంగా ఉండేది కాస్త నిదానమైనా పదును ఎక్కువసేపు నిలుస్తుంది. బెరడుకు మట్టి అంటుకుని వచ్చే ఇంటి దుంగలకు గుండ్రని మూల ఉన్నదే తీసుకోండి. వెనక్కి తన్నడాన్ని తగ్గించే గొలుసు అని డబ్బా మీద రాసి ఉన్నది మరీ మంచిది.

ఈ పన్ను ఎలా పుట్టిందో తెలిస్తే దాన్ని అరగదీయడం కూడా సులువవుతుంది. 1946లో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో జోసెఫ్ కాక్స్ అనే కలపకోత పనివాడు ఒక మొద్దులో కట్టెపురుగు లార్వాను గమనించాడు. అది నిలువు పీచనీ, అడ్డు పీచనీ చూడకుండా కుడి దవడతో ఒకసారి, ఎడమ దవడతో ఒకసారి చెక్కుకుంటూ పోతోంది. ఆయన ఆ దవడల ఆకారాన్నే ఉక్కులో చేసి 1947లో అమ్మకానికి పెట్టాడు. ఇప్పటికీ మన గొలుసు మీద ఒక పన్ను కుడికి, ఒకటి ఎడమకు ఉండేది అందుకే. రెండు దవడలూ సమానంగా పని చేస్తేనే కోత నిట్టనిలువుగా దిగుతుంది.

అరగదీసే పద్ధతి ఇది. రంపాన్ని ఆపి, పెట్రోలుదైతే ప్లగ్ తీగ ఊడదీసి, బ్యాటరీదైతే బ్యాటరీ తీసి, బార్‌ను కదలకుండా వైస్‌లో బిగించండి. మీ గొలుసు తక్కువ ఎత్తు 3/8 అయితే సాధారణంగా 4 మిల్లీమీటర్ల గుండ్రని ఆకురాయి, .325 అంగుళం దూరం ఉండేదైతే 4.8 మిల్లీమీటర్లది కావాలి. గొలుసు డబ్బా మీద రాసినదే ప్రమాణం. పన్ను లోపలి వైపు నుంచి బయటికి, 30 డిగ్రీల కోణంలో, ముందుకు తోసేటప్పుడు మాత్రమే ఒత్తుతూ, వెనక్కి తెచ్చేటప్పుడు ఎత్తేయాలి. ఆకురాయి మందంలో అయిదో వంతు పన్ను పైఅంచుకు మీదుగా కనబడుతుండాలి. ఒక వైపు పళ్ళన్నీ అయ్యాకే రెండో వైపుకు తిరగండి. ప్రతి పన్నుకూ తోపుల సంఖ్య ఒకటే ఉండాలి.

ప్రతి పన్ను ముందూ ఒక చిన్న మెట్ట ఉంటుంది. పన్ను ఒక్కోసారి ఎంత లోతు చెక్కాలో అదే నిర్ణయిస్తుంది. పన్ను అరిగేకొద్దీ దీన్ని కూడా చదును ఆకురాయితో తగ్గించాలి, ఇంటి గొలుసులకు 0.65 మిల్లీమీటర్ల తేడా ఉంటే సరి. దాన్ని కొలిచే రేకు ఉంటుంది, అది లేకుండా అంచనాతో అరగదీయకండి. ఎక్కువ తగ్గిస్తే రంపం ఎగిరెగిరి పడుతుంది, వెనక్కి తన్నే గుణం పెరుగుతుంది.

పొద్దుటిపని:
బార్‌కు పోసే ఆయిల్ గురించి కూడా చెప్పండి. పాత బండి ఇంజన్ ఆయిల్ పోస్తే సరిపోతుందని చాలామంది అంటారు.

పాతమెకానిక్:
పోయకండి. వాడేసిన ఇంజన్ ఆయిల్‌లో సన్నని లోహపు పొడి ఉంటుంది, అది బార్ గాడిని, ఆయిల్ పంపును అరగదీస్తుంది. పైగా అది ఒంటికి మంచిది కాదు, గొలుసు విసిరిన తుంపరలు మీ చేతుల మీద, బట్టల మీద, మీరు కాల్చబోయే కట్టె మీద పడతాయి. బార్ ఆయిల్‌కు అంటుకునే జిగట గుణం ఉంటుంది కాబట్టే అది ముక్కు తిరిగేటప్పుడు ఎగిరిపోకుండా గొలుసునే పట్టుకుని ఉంటుంది. తెల్ల కాగితానికి ఎదురుగా ముక్కు తాకకుండా పెట్టి ఒక నిమిషం తిప్పితే సన్నని ఆయిల్ గీత పడాలి. పడకపోతే రంధ్రం పొట్టుతో మూసుకుపోయిందని అర్థం. పని అయ్యాక గొలుసును కొంచెం వదులు చేసి పెట్టండి, ఎందుకంటే వేడిమీద బిగించిన గొలుసు చల్లారి కుంచించుకుపోయి బార్‌నూ బేరింగునూ లాగుతుంది.

పొయ్యిపక్కన:
రెండు నెలల తర్వాత మళ్ళీ రాస్తున్నాను. బంధువు రంపాన్ని తిరిగి ఇచ్చేశాను, మీట కొత్తది వేయించే వరకూ ఆయన కూడా ముట్టుకోనని మాట ఇచ్చారు. 36 వోల్టుల బ్యాటరీ రంపం, 14 అంగుళాల బార్, 5 ఆంపియర్ అవర్ బ్యాటరీలు రెండు తీసుకున్నాను. కాలి తొడుగు, కళ్ళద్దాలు, బూట్లు కూడా తీసుకున్నాను. కర్ర గుర్రం పాత దూలాలతో నేనే చేశాను. ఇప్పటికి 140 కోతలు అయ్యాయి, భుజం నొప్పి లేదు. 40 సెంటీమీటర్ల మొద్దు ఒకటి దొర్లించి రెండు వైపుల నుంచీ కోశాను, ఒక ఛార్జికి ఏడు కోతలు వచ్చాయి.

ఒక చిక్కు వచ్చింది. మొదట్లో రంపం తనంతట తానే దుంగలోకి దిగేది, పొట్టు బియ్యపు గింజలంత రేకులుగా పడేది. ఒక దుంగలో మేకు ఉన్నట్టుంది, చటుక్కున నిప్పురవ్వ లేచింది. ఆ తర్వాత పొట్టు పిండిలా పడుతోంది, నేను ఒత్తితే కానీ దిగడం లేదు. ఆకురాయితో అరగదీశాను. ఇప్పుడు రేకులు మళ్ళీ పడుతున్నాయి కానీ కోత ఒక పక్కకు వంకర పోతోంది, లావు దుంగలో బార్ బిగుసుకుంటోంది.

ఆకురాయి:
పిండిలా పడటం మొద్దుబారిన గుర్తు, మీరు సరిగానే పట్టుకున్నారు. వంకర పోవడానికి కారణం రెండు వైపుల పళ్ళూ సమానంగా లేకపోవడమే. కుడిచేతి వాటం ఉన్నవారికి ఒక వైపు సులువుగా, మరో వైపు ఇబ్బందిగా ఉంటుంది, తెలియకుండానే ఒక వైపు ఎక్కువ ఒత్తుతారు. పన్ను పైరేకు పొడవును కాలిపర్‌తో రెండు వైపులా కొలిచి చూడండి. మేకు తగిలిన పన్ను ఎంత పొట్టిదైందో, మిగతావాటినన్నిటినీ ఆ పొడవుకే తేవాలి. బార్ అంచులను కూడా వేలితో తడమండి, ఒక అంచు అరిగి పల్లంగా ఉంటే గొలుసు ఎంత పదునుగా ఉన్నా కోత పక్కకే పోతుంది.

పొయ్యిపక్కన:
కొలిచాను. ఎడమ వైపు పళ్ళు 8.1 నుంచి 8.3 మిల్లీమీటర్లు ఉన్నాయి, కుడి వైపువి 7.2 దగ్గర ఉన్నాయి. అన్నిటికంటే పొట్టిది మేకు తగిలిన పన్ను, 7.1. నిన్న సాయంత్రం రెండు గంటలు కూర్చుని అన్నిటినీ 7.1కి తెచ్చాను, మెట్టలను రేకు పెట్టి తగ్గించాను, బార్‌ను తిరగేసి బిగించాను. ఈ ఉదయం 25 సెంటీమీటర్ల దుంగ మీద వేసి చూశాను. కోత నిట్టనిలువుగా దిగింది, తుండు నేల మీద నిలబెడితే ఊగకుండా నిలబడింది.